మైలేజీ 45 నుంచి 28కి: ఇంపల్స్ కార్బొరేటర్‌తో నా రెండు నెలలు

లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే నా హీరో ఇంపల్స్ మోటారు సైకిల్ 2025 జూన్ రెండో వారానికి 28కి దిగజారింది. రాత్రికి రాత్రి జరిగింది కాదు. నాది డ్రిప్పు పరికరాలు అమర్చే, బాగుచేసే పని. అనంతపురం నుంచి ఒక రోజు కళ్యాణదుర్గం వైపు, ఇంకో రోజు తాడిపత్రి వైపు చీనీ (బత్తాయి), దానిమ్మ తోటలకు తిరుగుతుంటాను. కంపెనీ వాళ్లు కిలోమీటరుకు ఇంత అని లెక్కకట్టి ఇస్తారు కాబట్టి పెట్రోలు పోయించిన ప్రతిసారీ మీటరు అంకె చిన్న పుస్తకంలో రాసుకోవడం అలవాటు. ఆ పుస్తకం వెనక్కి తిప్పితే మార్చిలో 44, ఏప్రిల్‌లో 40, మే నెలాఖరుకు 34 కనిపించాయి. జూన్‌లో 28.

నెలకు సుమారు 1,800 కిలోమీటర్లు తిరుగుతాను. 45 చొప్పున అయితే 40 లీటర్లు చాలు. 28 చొప్పున అయితే 64 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో తేడా 2,600 రూపాయలు. కంపెనీ ఇచ్చే రేటు మారదు. ఆ డబ్బంతా నా జేబులోంచి సైలెన్సరు గుండా పోతోందన్నమాట.

బండి గురించి రెండు మాటలు. నాది 2013 మోడల్, రెండో చేతిలో కొన్నది. ఈ మోడల్ తయారీ 2017లో ఆగిపోయింది. 150 సీసీ, కార్బొరేటర్ (గాలిని, పెట్రోలును కలిపి ఇంజనుకు అందించే భాగం) ఉన్న ఇంజను, ఎత్తయిన బండి. వంక ఇసుకలోనూ, దుక్కి దున్నిన చేలోనూ దిగబడకుండా వెళ్తుంది. అందుకే అమ్మబుద్ధి కాదు. మీటరు 61 వేలు దాటింది. కింద చెప్పేదంతా ఆ 61 వేల కిలోమీటర్ల అరుగుదల గురించే. తయారీలో లోపమని నేను అనడం లేదు.

మైలేజీ పడిపోయిందని ఎవరితోనైనా అని చూడండి, ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. మా ఆఫీసులో ఒకాయన బంకులో కొలత మోసం అన్నాడు. ఇంకొకాయన పెట్రోలులో కలిపే ఇథనాల్ అన్నాడు. మా బావ మాత్రం ఆషాఢం గాలి అన్నాడు. ముగ్గురి మాటా కొట్టిపారేసేది కాదు. వరుసగా చూసుకుంటూ వెళ్లాను.

బంకు సంగతి తేల్చడం సులువు. ప్రతి బంకులోనూ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, అడిగినవారికి కొలిచి చూపాలి. నేను ఎప్పుడూ పోయించే చోట అడిగాను. కుర్రవాడు ముఖం చిట్లించాడు గానీ మేనేజరు లోపలి నుంచి పాత్ర తెప్పించి, నా ముందే నింపించాడు. గీతకు సరిగ్గా వచ్చింది. నాకే కొంచెం సిగ్గనిపించి ఆ రోజు ట్యాంకు నిండా పోయించుకున్నాను.

ఇథనాల్ లెక్క కాగితం మీద వేశాను. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే అచ్చమైన పెట్రోలుతో పోల్చినప్పుడు ఆరేడు శాతం తగ్గాలి. అంతకు ముందూ 10 శాతం కలుస్తూనే ఉంది కాబట్టి కొత్తగా తగ్గేది మూడు, నాలుగు శాతం. అంటే 45 కాస్తా 43 కావాలి. 28 కావడానికి ఇథనాల్ ఒక్కటే చాలదు. పాత బళ్లలోని రబ్బరు భాగాల మీద దాని ప్రభావం వేరే కథ. అది తర్వాత వస్తుంది.

గాలి విషయంలో మా బావ చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్, జూలైలలో పడమటి గాలికి ఎదురుగా కళ్యాణదుర్గం వెళ్తుంటే నాలుగో గేరులో కూడా బండిని ఎవరో వెనక్కి లాగుతున్నట్టే ఉంటుంది. కానీ తిరుగు ప్రయాణంలో అదే గాలి వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది. రెండూ కలిపి చూసినా 28, 29 దాటడం లేదు. పైగా గాలి కిందటేడూ ఉంది, అప్పుడు 41 కంటే కిందికి పోలేదని పుస్తకం చెబుతోంది.

మీటరు తప్పు చూపిస్తోందేమోనన్న అనుమానం కూడా తీర్చుకున్నాను. 44వ నంబరు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లతో సరిచూస్తే ఇరవై కిలోమీటర్లకు తేడా అర కిలోమీటరు లోపే. టైర్లలో గాలి, చైను బిగువు సరిగ్గా ఉన్నాయి. తేడా ఇంజను దగ్గరే ఉందని అప్పటికి నమ్మకం కుదిరింది.

ఆ మధ్యే మరో లక్షణం బయటపడింది. ఉదయం గేటు తీయగానే పెట్రోలు వాసన. మా ఆవిడ ముందుగా కనిపెట్టింది. వంటింటి కిటికీ పక్కనే బండి పెడతాను, ఆమె భయం ఆమెది. సైడ్ స్టాండు వేసిన వైపు నేల మీద రూపాయి బిళ్లంత మరక కనిపించేది. రాత్రిపూట పెట్రోలు ట్యాపు కట్టేసి చూశాను. తెల్లారేసరికి వాసన లేదు, మరకా లేదు. చిన్న విషయమే గానీ రెండు నెలల్లో నాకు దొరికిన మొదటి గట్టి ఆధారం ఇదే. ట్యాపు తెరిచి ఉంటే కార్బొరేటర్‌లోకి పెట్రోలు ఆగకుండా దిగుతోంది.

జూలై మొదటి వారంలో బండిని మా వీధి చివరి షెడ్డుకు తీసుకెళ్లాను. పీర్ల పండుగ రోజులు. పనివాళ్లలో సగం మంది గూగూడు పీర్ల జాతరకు వెళ్లారని, నాలుగు రోజులు ఆగమన్నారు. ఆగాను. తర్వాత అక్కడి కుర్రవాడు ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, ప్లగ్గు మార్చాడు, కార్బొరేటర్ విప్పకుండానే పక్కనున్న స్క్రూ తిప్పి, రేస్ ఇచ్చి, చెవి ఒగ్గి విని, "ట్యూనింగ్ అయిపోయిందన్నా, ఇక చూసుకో, యాభై ఇస్తుంది" అన్నాడు. మొత్తం 680 రూపాయలు. తీసిన ప్లగ్గు అడిగి తెచ్చుకున్నాను. పింగాణీ ముక్కు మీద పొడి మసి, వేలితో రుద్దితే కాటుకలా అంటుకుంది. పెట్రోలు ఎక్కువగా, గాలి తక్కువగా మండుతోందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ వారం వచ్చిన మైలేజీ 27.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ చిన్న స్క్రూను అందరూ ఎయిర్ స్క్రూ అనే అంటారు, బయటికి తిప్పితే గాలి ఎక్కువవుతుందని అనుకుంటారు. ఫిల్టర్ వైపు స్క్రూ ఉన్న కార్బొరేటర్లలో అది నిజమే. నా బండిలో అది ఇంజను వైపు ఉంది. అక్కడుంటే అది గాలిని కాదు, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని వదిలే స్క్రూ. బయటికి తిప్పేకొద్దీ పెట్రోలు ఎక్కువే అవుతుంది. కుర్రవాడు మంచి చేద్దామనే మూడు చుట్లకు పైగా బయటికి తిప్పాడు. ఈ ముక్క నాకు తెలిసింది తర్వాత, మేస్త్రి చెబితే.

జూలై మధ్యలో పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరింది. బంకు పక్కన వ్యాను దగ్గరికి వెళ్లాను. సైలెన్సరులో గొట్టం పెట్టాక కంప్యూటర్ మీద కార్బన్ మోనాక్సైడ్ 5.7 శాతం చూపించింది. 2000 తర్వాత తయారైన నా బండిలాంటి వాటికి హద్దు 3.5. వ్యాను ఆయన నా ముఖం చూసి, "పర్వాలేదన్నా, ఇచ్చేస్తాలే" అన్నాడు. సర్టిఫికెట్ తర్వాత, ముందు ఆ అంకె ఉన్న తెర ఫోటో తీసుకోనివ్వమన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్లూ వాసన, మసి, అనుమానాలే. ఇప్పుడు చేతిలో ఒక కొలత ఉంది. వంద రూపాయల లోపు ఖర్చుతో ఇంజను మిశ్రమం ఎంత చిక్కగా ఉందో చెప్పే యంత్రం ఊళ్లో ప్రతి పెద్ద బంకు దగ్గరా ఉంటే, మైలేజీ గొడవలో ఎవరూ దాన్ని వాడుకోకపోవడం విచిత్రం.

ఆ ఫోటో పట్టుకుని ఇంకో పెద్ద గ్యారేజీకి వెళ్లాను. శుభ్రమైన చోటు, గోడకు పనిముట్లు వరుసగా తగిలించి ఉన్నాయి. అక్కడి అబ్బాయి బండి చుట్టూ తిరిగి, సీటు కింద చూసి, స్కానర్ తగిలించే చోటు ఎక్కడుందని అడిగాడు. లేదన్నాను. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 (కొత్త పొగ ప్రమాణాల) బళ్లలో దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, అంటే కార్బొరేటర్ లేకుండా కంప్యూటరే పెట్రోలు కొలిచి చిమ్మేవి. ఆ తర్వాత పనిలో చేరిన పిల్లలకు కార్బొరేటర్ విప్పే అవసరమే రాలేదు. వాళ్లను అనడానికేమీ లేదు. సలహా మాత్రం ధైర్యంగా ఇచ్చాడు: కొత్త కార్బొరేటర్ వేయించాలి, 4,200, దాంతోపాటు బోరు పని (అరిగిన సిలిండరును సరిచేయడం) కూడా చేయిస్తే మంచిది, మొత్తం పదమూడు వేలు. బోరు ఎందుకంటే, "అరవై వేలు దాటింది కదన్నా". కంప్రెషన్ (సిలిండరులో ఒత్తిడి) చూశావా అంటే చూడలేదు.

ఆ రాత్రి నిజంగానే అమ్మేద్దామనుకున్నాను. బ్రోకరు ఒకాయన 21 వేలు ఇస్తానన్నాడు. 21 వేల బండికి 13 వేల మరమ్మతు ఏ లెక్కన చూసినా పొసగదు. మరోవైపు తోటల దారుల్లో ఇంకే బండి వేసుకుని వెళ్లాలన్న దిగులు. పైగా ఈలోగా పెట్రోలు ఎక్కడ అయిపోతుందోనని సంచిలో లీటరు సీసా పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాను. ఆ ఎండలో, ఆ కుదుపుల్లో పక్కనే పెట్రోలు సీసా. మంచి పని కాదని తెలుసు, తప్పనిసరై చేశాను.

పాత ఊళ్లో ఒక మేస్త్రి ఉన్నాడని చెప్పింది చీనీ తోట రైతు ఒకాయన. స్ప్రేయరు ఇంజన్లు, పాత జావా, యెజ్డీ మోటారు సైకిళ్లు బాగుచేసే మనిషి. అరవై దాటి ఉంటాయి. బోర్డు లేదు, గడియార స్తంభం దగ్గర నాలుగుచోట్ల అడిగితే గానీ సందు దొరకలేదు. జూలై 20 తర్వాతి మాట ఇది. పోగానే ప్లగ్గు చూపించాను, ఫోటో చూపించాను, పుస్తకం చూపించాను. పుస్తకం మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"ఎవరెవరు చెయ్యి పెట్టారు నాయనా?" అన్నాడు. చెప్పాను. "స్క్రూ ఎంత తిప్పారో తెలుసా?" తెలియదన్నాను. ఆయన దాన్ని చుట్లు లెక్కపెడుతూ లోపలికి బిగించి, మూడుంబావు అని నా పుస్తకంలోనే రాయించాడు. మళ్లీ అంతే బయటికి తిప్పి వదిలేశాడు.

"సరిచేయవా మేస్త్రీ?"

"ముందు ఎంత తాగుతోందో చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది బాగుపడిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు."

మరునాడు పొద్దున ఆరింటికి, గాలి బలపడకముందే, కళ్యాణదుర్గం రోడ్డు మీదికి వెళ్లాం. ఆస్పత్రిలో సెలైను ఎక్కించే సన్నటి గొట్టం, దానికి మెడ కోసిన చిన్న సీసా. సీసా మీద 100 మిల్లీలీటర్ల గీత. దాన్ని హ్యాండిల్‌కు వేలాడదీసి, ట్యాంకు గొట్టం తీసేసి, ఈ గొట్టం కార్బొరేటర్‌కు తగిలించాడు. అసలు కిటుకు తర్వాత. కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలో అప్పటికే ఉన్నదానితో బండి ఆగిపోయేదాకా నడిపించాడు. ఆగాక సరిగ్గా వంద పోసి, అక్కడి నుంచి మళ్లీ ఆగేదాకా నడపమన్నాడు. గిన్నె రెండుసార్లూ ఖాళీ అయ్యాకే లెక్క మొదలవుతుంది, ముగుస్తుంది కాబట్టి అందులోని పెట్రోలు లెక్కను చెడగొట్టదు. వేగం గంటకు 50, నాలుగో గేరు, యాక్సిలరేటరు కదపకూడదు. పడమరకు ఒకసారి, తూర్పుకు ఒకసారి. ఆయన తన స్కూటరు మీద వెనకే వచ్చాడు. ఎదురుగాలికి 2.5 కిలోమీటర్లు వచ్చింది, తిరుగు దారిలో 3.3. రెండు వందల మిల్లీలీటర్లకు 5.8 అంటే లీటరుకు 29. నా పుస్తకం అబద్ధం చెప్పలేదు.

పాఠకుల్లో ఎవరైనా ఇది చేయదలిస్తే ఒక మాట. ఇంజను వేడిగా ఉంటుంది, పైన తెరిచిన పెట్రోలు సీసా ఉంటుంది. అలవాటున్న మనిషి పక్కన ఉంటేనే చేయండి. రద్దీ రోడ్డు మీద వద్దు, బండి హఠాత్తుగా ఆగుతుంది.

షెడ్డుకు వచ్చాక కార్బొరేటర్ జోలికి పోలేదు ఆయన. ముందు చక్రాలు ఎత్తి తిప్పి చూశాడు, బ్రేకులు పట్టుకుంటున్నాయేమోనని. వెనక డ్రమ్ము కొంచెం రాస్తోంది, వదులు చేశాడు. క్లచ్ జారడం లేదని పైకి ఎక్కే సందులో నడిపి చూసుకున్నాడు. కంప్రెషన్ గేజి పెట్టి కొలిచి, "బోరుకు ఇంకో ఇరవై వేలు నడిచే ఓపిక ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో పదమూడు వేల భయం పోయింది. తర్వాత ఆయిల్ గేజి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, నాకిచ్చాడు. ఆయిల్‌లో పెట్రోలు వాసన, అదీ ఘాటుగా. మట్టం కూడా ఉండాల్సిన దానికంటే పైన ఉంది. రాత్రిళ్లు ట్యాపు తెరిచి ఉన్నప్పుడు పొంగిన పెట్రోలు కొంత నేల మీదికి, కొంత ఇంజను లోపలికి దిగిందన్నమాట. అలా పలచబడిన ఆయిల్‌తో తిరిగితే అప్పుడు నిజంగానే బోరు పని వచ్చేది. ఆయిల్ అప్పటికప్పుడు మార్పించాను.

కార్బొరేటర్ గిన్నె అడుగున ఉన్న చిన్న ముక్కుకు అదే సెలైను గొట్టం తగిలించి, పైకి వంచి పట్టుకుని, అడుగు స్క్రూ వదులు చేశాడు. గొట్టంలో పెట్రోలు ఎంత ఎత్తున నిలుస్తుందో గిన్నెలోనూ అంతే ఉంటుంది. గిన్నె అంచు కంటే కిందే ఆగాల్సింది అంచు దాటి పైకి వచ్చింది. చూస్తూ ఉండగానే ఇంకా పాకుతోంది. ఆగాల్సిన పెట్రోలు ఆగడం లేదు.

విప్పాక ఫ్లోట్ (గిన్నెలో తేలే బుడ్డి) కింది నీడిల్, అంటే గిన్నె నిండగానే పెట్రోలు దారి మూసే ముక్క, తీసి నా అరచేతిలో పెట్టాడు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దది. కొనకు రబ్బరు తొడుగు. ఆ రబ్బరు చుట్టూ గోటితో నొక్కినట్టు ఒక గాడి పడి ఉంది, తాకితే గట్టిగా తగిలింది. ఈ మధ్య పాత బళ్లకు ఇవి త్వరగా పోతున్నాయని, ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోలేకపోతోందని ఆయన నమ్మకం. నా నీడిల్‌కు పన్నెండేళ్ల వయసు కూడా ఉంది కాబట్టి ఎవరి వాటా ఎంతో నేను తేల్చలేను. గిన్నె అడుగున సన్నటి తుప్పు పొడి కూడా ఉంది. డ్రిప్పులో ఫిల్టర్ శుభ్రం చేయకుండా డ్రిప్పర్లు మార్చే రైతును నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో! ట్యాపుకు, కార్బొరేటర్‌కు మధ్య 60 రూపాయల ఫిల్టర్ పెట్టించాను.

కార్బొరేటర్‌లో పైకీ కిందికీ కదిలే స్లైడ్ మీది రబ్బరు డయాఫ్రంను (పలచటి పొరను) ఎండకు ఎత్తి సాగదీసి చూశాడు. చిల్లు లేదు. దాన్ని తీయకుండా ఎయిర్ ప్రెషర్‌తో కార్బొరేటర్ కడిగేవాళ్లు ఉన్నారని, ఒక్క దెబ్బకు చిరిగిపోతుందని, కొత్తది విడిగా దొరకడం కష్టమని హెచ్చరించాడు. క్లీనరు స్ప్రే కూడా రబ్బరుకు తగలనివ్వలేదు. చల్లటి ఇంజను స్టార్ట్ కావడానికి మిశ్రమాన్ని చిక్కగా చేసే చోక్ పూర్తిగా మూసుకుంటోందా అని ఊది చూశాడు. మూసుకుంటోంది.

ఫ్లోట్ నీడిల్ ఊళ్లోనే దొరికింది, 140 రూపాయలు. వేసి, గొట్టంతో మట్టం సరిచూసి, స్క్రూను రెండు చుట్లకు తెచ్చాడు. పొద్దున మళ్లీ సీసా పరీక్ష: 3.2, 4.1. లీటరుకు 36 మీద కొంచెం. పొల్యూషన్ వ్యాను దగ్గరికి నేనే పరుగెత్తాను. 2.4 శాతం. ఈసారి సర్టిఫికెట్ న్యాయంగా తీసుకున్నాను.

పండగ చేసుకోవాల్సిన చోట మేస్త్రి పెదవి విరిచాడు. వ్యాను వాళ్లు కొలిచేది బండి నిలబడి ఉన్నప్పుడు, ఐడ్లింగ్‌లో. అక్కడ పనిచేసేది స్లోజెట్టు, పెట్రోలు వదిలే చిన్న రంధ్రం. నువ్వు తిరిగేది 50, 60 వేగంలో. అక్కడ పనిచేసేది వేరు. ఆయన వాదన ఇది. నమ్మించడానికి యాక్సిలరేటరు పిడికి, దాని పక్కన కదలని చోటికి తెల్ల టేపు అంటించి, పావు, సగం, ముప్పావు అని పెన్నుతో గీతలు పెట్టాడు. నన్ను మామూలుగా నడపమన్నాడు. సమతలం మీద 55లో వెళ్తుంటే గీత పావుకు, సగానికి మధ్య నిలిచింది. పావు దాటాక పెట్రోలును నియంత్రించేది ముప్పావు దాకా స్లైడ్‌కు వేలాడే పొడవాటి సూది. పెద్ద రంధ్రమైన మెయిన్ జెట్టు పని ఆపైన. గీత అక్కడే ఉంచి నడిపి, క్లచ్ పట్టి, కీ ఆపేసి, రోడ్డు పక్కనే ప్లగ్గు విప్పి చూశాం. ఐడ్లింగ్ బాగుపడ్డా ప్లగ్గు ఇంకా నల్లగానే ఉంది.

సూది తీసి, పైనుంచి కిందికి గోరు పెట్టి లాగమన్నాడు. మధ్యలో ఒకచోట గోరు ఆగింది. అటువైపు మాత్రమే వెండిలా మెరుస్తోంది, మిగతా వైపు మసక. అరవై వేల కిలోమీటర్లు ఒకే పక్కకు ఒరిగి రాసుకున్న గుర్తు. అది దిగే నీడిల్ జెట్టు రంధ్రాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే గుండ్రంగా లేదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంది. ఎంత తేడా అంటే కంటికి అనుమానంగా కనిపించేంతే. ఆ సందులోంచే రోజూ పెట్రోలు అదనంగా పోతోంది.

ఇక అసలు నిరీక్షణ అప్పుడు మొదలైంది. ఈ సూది, జెట్టు అనంతపురంలో ఎవరి దగ్గరా లేవు. ఒక స్పేర్ పార్టుల దుకాణం ద్వారా బెంగళూరు జేసీ రోడ్డుకు కబురు పెట్టాం. వారం అన్నారు. పది రోజులు దాటాక వచ్చిన పొట్లంలో వేరే 150 సీసీ బండి సూది ఉంది. పొడవు దాదాపు ఒకటే, సన్నబడే తీరు వేరు. దుకాణం ఆయన "అదే సరిపోతుంది, వేసుకో" అన్నాడు. మేస్త్రి రెండింటినీ పక్కపక్కన పెట్టి, తల అడ్డంగా ఊపాడు. వెనక్కి పంపాం. రెండోసారి బండి ఛాసిస్ నంబరు, కార్బొరేటర్ మీద చెక్కిన అంకెల ఫోటో రెండూ పంపించాను. ఆ పని మొదటే అడిగి చేయించుకోవాల్సింది దుకాణం వాళ్లు. ఆగస్టు 15 సెలవు, ఆ తర్వాత ఆదివారం, లారీ ట్రాన్స్‌పోర్టు ఆలస్యం, అన్నీ కలిసి మూడో వారం చివరికి గానీ చేతికి రాలేదు. సూది, నీడిల్ జెట్టు, రబ్బరు రింగులు, గిన్నె గాస్కెట్ కలిపి కిట్టు 780 రూపాయలు, రవాణా 120.

ఈ నిరీక్షణ రోజుల్లో 36తోనే తిరిగాను. అంతకు ముందు 28 చూసిన కళ్లకు అది కూడా భాగ్యంగానే అనిపించింది. ఆఫీసులో ఇథనాల్ వాదన చేసినాయన "ఇక అంతే, సరిపెట్టుకో" అన్నాడు. సరిపెట్టుకునేవాడినే, ఆ సూది మీద గోరు ఆగడం నా చేత్తో చూడకపోయి ఉంటే.

వినాయక చవితికి ముందు కిట్టు వేశారు. గంట పని. పందిళ్లు వేసే హడావుడిలో సందులోకి బండి తీసుకెళ్లడానికే అంతకంటే ఎక్కువ సేపు పట్టింది. చివరి సీసా పరీక్షలో పడమరకు 4.0, తూర్పుకు 4.6 వచ్చాయి. లీటరుకు 43. జూలైతో పోలిస్తే గాలి కొంత తగ్గిన మాట కూడా లెక్కలోకి తీసుకోవాలి, అందులో ఒక కిలోమీటరు దానిదే కావచ్చు. సెప్టెంబరులో ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్కేస్తే 42, 43 మధ్య నిలకడగా వస్తోంది. పాత 45కు, దీనికి మధ్య ఉన్న తేడాను ఇథనాల్ ఖాతాలో రాసుకున్నాను. కాగితం మీద వేసిన లెక్క కూడా అంతే చెప్పింది కదా.

ఖర్చు మొత్తం చెబుతాను. మేస్త్రి వద్ద ఫ్లోట్ నీడిల్, కిట్టు, రవాణా, ఫిల్టర్ కలిపి 1,100, ఆయిల్ 430, ఆయన కూలి 900. ఇందులో కూలి గురించి బేరం లేదు. రెండు ఉదయాలు రోడ్డు మీద గడిపిన మనిషి 900 అడిగితే నేను వెయ్యి ఇచ్చి వచ్చాను. అంతకు ముందు మొదటి షెడ్డులో పోయిన 680 వేరు, అందులో ఎయిర్ ఫిల్టర్ మాత్రం పనికొచ్చింది. పొల్యూషన్ వ్యానుకు రెండుసార్లు ఇచ్చింది కూడా కలుపుకుంటే మూడున్నర వేల లోపే. అదనపు పెట్రోలు లెక్కేస్తే మాత్రం బాధగా ఉంటుంది, వేయడం మానేశాను.

ఒక కొత్త ఇబ్బంది వచ్చింది. ఇన్నాళ్లూ చల్లటి ఇంజను కూడా సెల్ఫ్ నొక్కగానే అందుకునేది. ఇప్పుడు తెల్లవారుజామున చోక్ లాగితే తప్ప స్టార్ట్ కావడం లేదు, నిమిషం పాటు అలాగే ఉంచాలి. కంగారుపడి ఫోను చేశాను. "చోక్ ఎందుకు పెట్టారనుకున్నావు? ఇన్నాళ్లూ నీ బండి చోక్ వేసుకునే తిరిగింది" అన్నాడు మేస్త్రి. వచ్చే నెల చైను, స్ప్రాకెట్లు మార్చాలట, దానికి మాత్రం బెంగళూరు దాకా పోనక్కర్లేదట.